సరుగుడు పార్కులో మూటల అరుగు

కార్తీక పున్నమి దగ్గర పడుతోందంటే చాలు, కోటేశ్వరికి అన్నం సయించదు. పక్కనే బజ్జీల బండి పెట్టుకున్న అనీసా, ఏటా పరీక్షలకి పోయే పిల్లలా తయారవుతావేంది అక్కా అని ఆటపట్టిస్తుంది. కోటేశ్వరి నవ్వుతుంది గానీ ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోదు.

సముద్రం ఒడ్డున ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మనిషికి సముద్రమంటే భయమేమిటని మీరు అడగొచ్చు. ఆ భయం ఒడ్డున ఉండేవాళ్ళకే తెలుస్తుందండీ. ఏడాదికోసారి ట్రాక్టరెక్కి వచ్చి, మూడు మునకలేసి, పులిహోర తిని పోయేవాళ్ళకేం తెలుస్తుంది?

ఆమె పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. చీరాల నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట సరుగుడు పార్కు ఉంది. గేటు లోపల, ఏనాడో మూతపడిన టికెట్ల గది ముందు ఒక సిమెంటు అరుగు. స్నానానికి వచ్చినవాళ్ళు పొడిబట్టలూ, ఫోన్లూ, మెళ్ళో గొలుసులూ మూటగట్టి కోటేశ్వరికి అప్పజెప్పి నీళ్ళలోకి దిగుతారు. తిరిగొచ్చాక ఎవరి మూట వాళ్ళకి ఇచ్చేస్తుంది. తోచింది చేతిలో పెట్టి పోతారు. ఇంతే ఆవిడ ఉద్యోగం. కాకపోతే ఆ ఉద్యోగంలో ఒక ముల్లుంది. మూట కోసం మనిషి తిరిగి రావాలి.

మూటలు తారుమారు కాకుండా ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. చీరాల మగ్గాల దగ్గర మిగిలిపోయే రంగు నూలు ముక్కలు తెచ్చుకుంటుంది. మూటకి ఏ రంగు నూలు కడితే, మనిషి మణికట్టుకీ అదే రంగు కడుతుంది. తడిబట్టలతో వచ్చి చెయ్యి చాపితే, దారం చూసి మూట తీసి, ఆ దారాన్ని పుటుక్కున తెంచేస్తుంది. తెంచేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. నెత్తి మీద గంప దింపుకున్నట్టు ఉంటుంది. సంకల్పం చెప్పించే శేషాచలం గారికి మొదట్లో ఈ దారాల మీద కాస్త కినుకగా ఉండేది. నేను కట్టే రక్షకంటే నీ నూలుపోగునే జనం ఎక్కువ కళ్ళకద్దుకుంటున్నారమ్మా అనేవారు.

అసలు ఈ పార్కే భయంలోంచి పుట్టింది. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చి ఇంటికొకరిని పొట్టన పెట్టుకున్నాక, గాలిని ఆపాలని ఒడ్డు పొడుగునా సరుగుడు మొక్కలు నాటించారు. అవి ఏపుగా పెరిగాక చీరాల నేతగాళ్ళు పొద్దున్నే వచ్చి చెట్టుకీ చెట్టుకీ మధ్య మగ్గానికెక్కించే పడుగు నూలు చాచి గంజి పట్టించేవాళ్ళు. పల్లెవాళ్ళు వలలు ఆరేసుకునేవాళ్ళు. ఆ తర్వాత ఎవరికో పార్కు కట్టాలన్న బుద్ధి పుట్టింది. గోడ కట్టారు, ప్రారంభోత్సవం రాయి పాతారు, సిమెంటు జింకల్ని నిలబెట్టారు, ఒక్కనాడూ నీళ్ళు చిమ్మని ఫౌంటెను కట్టారు. కోటేశ్వరి భర్తకి అక్కడే వాచ్‌మన్ పని దొరికింది. ప్రత్తిపాడు పక్కన మిరప చేల మధ్య పుట్టిన పిల్ల అలా ఈ ఇసకలోకి కాపురానికి వచ్చింది.

ఆ పార్కు ఎన్నిటికి పనికొచ్చిందో చెప్పుకుంటే తెల్లారుతుంది. పొద్దున్నే మోకాళ్ళ నొప్పులవాళ్ళు నడుస్తారు. అమావాస్యకి తర్పణాలు వదులుతారు. ఆదివారాలు గుంటూరు నుంచీ మంగళగిరి నుంచీ కార్లలో వచ్చి జింకల మీద పిల్లల్ని కూచోబెట్టి ఫొటోలు తీసుకుంటారు. అస్థికల కుండ పట్టుకొచ్చినవాళ్ళూ, పెళ్ళి ఫొటోలకి వచ్చినవాళ్ళూ ఒకే గేట్లోంచి వస్తారు, ఒకే కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటారు. సునామీ నాడు సముద్రం గోడ దూకి జారుడుబల్లని ఒక పక్కకి ఒరిగించి పోయింది. కరోనాలో గేటుకి తాళం పడింది. ఆ తాళం తీసే లోపే కోటేశ్వరి భర్త జ్వరంతో పోయాడు. ఇప్పుడు దక్షిణం వైపు గోడ ఏటా ఇంత చొప్పున నీళ్ళలోకి కూలిపోతోంది. పట్టించుకునే నాథుడు లేడు.

ఇంక ఆ పాత మూట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆవిడ భయం మీకు అర్థం కాదు.

చాలా ఏళ్ళ కిందట, ఆవిడ అరుగు మీద కూచోవడం మొదలుపెట్టిన కొత్తలో, పర్చూరు వైపు నుంచి పత్తి రైతుల కుటుంబం ఒకటి వచ్చింది. అందులో కొత్త పెళ్ళికొడుకు ఒకడు. మన మెట్ట ప్రాంతం వాళ్ళకి తెలిసినవి కాలవలూ వాగులూ. కాలవలో ఉరవడిగా సుడి తిరిగే చోట దిగరు, నీళ్ళు నిమ్మళంగా ఉన్న చోటే దిగుతారు. చిన్నప్పటి నుంచీ అదే నేర్చుకున్నారు. సముద్రంలో ఆ లెక్క తిరగబడుతుంది. రెండు వైపులా అలలు నురగలు కక్కుతూ విరుగుతుంటే, మధ్యలో ఒక బాట మాత్రం నురగ లేకుండా నున్నగా కనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అది. అందులో అడుగు పెడితే కాళ్ళ కింద ఇసకతో సహా లోపలికి లాక్కుపోతుంది. ఆ పిల్లాడు నిమ్మళంగా ఉందని అక్కడే దిగాడు. సాయంత్రానికి అందరూ మూటలు తీసుకున్నారు, అరుగు మీద ఒక మూట మిగిలింది. శవం దొరికాక అతని భార్య వచ్చి, ఆ మూట అక్కడే విప్పుకుని, మడత నలగని పొడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఏడవలేదు. చొక్కా మడతలు సరిచేస్తూ కూచుంది.

ఆనాటి నుంచి కోటేశ్వరి చీలమండ దాటి నీళ్ళలో దిగలేదు. మూట కట్టే ప్రతి మనిషికీ చెబుతుంది, నురగ లేని చోట దిగొద్దని. కార్తీక పున్నమికి శేషాచలం గారి మైకులో మంత్రాల మధ్య ఆ ముక్క కూడా చెప్పిస్తుంది. ఇంకో నియమం కూడా పెట్టుకుంది. ఎవరి మూటా తను విప్పదు. ఎవరి మూట వాళ్ళే వచ్చి తీసుకోవాలి, వేరేవాళ్ళకి ఇవ్వదు. మొగుడి మూట పెళ్ళానికి కూడా ఇవ్వదు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప ఆవిడ ప్రాణం ఒప్పుకోదు.

ఈ ఏడు పున్నమికి పుట్టింటి ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. అందులో ఆమె అన్న చెంచురామయ్య కూడా దిగాడు. అరవై దాటినా మనిషి గట్టి పిండం, నోరు ఊరంతా వినపడేది. ఏటా దిగుతూనే, ఒసేయ్ ఇంకా ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టలేదా నువ్వు అని కేకేసేవాడు. ఈసారి ఆ కేక లేదు. రెండేళ్ళుగా మిరప చేతికి రాలేదు. నల్ల తామర పురుగు పడి పూత మాడిపోయింది, మళ్ళీ వేస్తే మళ్ళీ పోయింది. ఫోన్లో వదిన ఆ సంగతులన్నీ చెబుతూనే ఉంది. వదిన ఈసారి రాలేదు.

అన్న ఒక చిన్న సంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఎండుమిరపకాయలు. చేలో మిగిలినవి ఇవేనని, వాడుకోమని అన్నాడు. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ మాట అడిగిన పాపాన పోలేదు. కోటేశ్వరికి లోపల చల్లగా అనిపించింది. అన్నకి వయసొచ్చి మెత్తబడ్డాడనుకుంది.

అందరూ తెల్లవారుజామునే దిగారు. చెంచురామయ్య మాత్రం జనం పలచబడ్డాక దిగుతానని అక్కడే కూచున్నాడు. ఎండ ఎక్కాక చొక్కా విప్పి తువ్వాల్లో మూటగట్టి చెల్లెలికి ఇచ్చాడు. ఆవిడ ఆకుపచ్చ నూలు తీసి మూటకి కట్టింది, అన్న మణికట్టుకి కట్టింది. అలవాటు ప్రకారం నురగ లేని చోట దిగొద్దని చెప్పింది.

"అది ఎటు పక్క ఉందమ్మాయ్, చూపించు" అన్నాడాయన.

ఎవరూ ఇంత శ్రద్ధగా అడగరు. తలాడించి పోతారు. కోటేశ్వరి సంతోషంగా లేచి, దక్షిణాన కూలిన గోడ అవతల, మొన్నటి వాయుగుండం తర్వాత ఇసక కోసుకుపోయిన చోట నున్నగా మెరుస్తున్న నీళ్ళని వేలు పెట్టి చూపించింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటు చూశాడు. సరేనన్నాడు.

ఆ తర్వాత ఆవిడకి ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. స్నానాలు చేసినవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి చేతులు చాపారు. దారాలు తెంచుతూ, మూటలు అందిస్తూ, ఒకళ్ళ చెవికమ్మ పోయిందంటే వెతికి ఇస్తూ ఉండిపోయింది. సరుగుడు చెట్ల కింద వనభోజనాల విస్తళ్ళు పడ్డాయి. ట్రాక్టరు తాలూకు మనిషి వచ్చి, మీ అన్న నీ దగ్గరే తింటాడా అని అడిగాడు. మీ పంక్తిలోనే ఉన్నాడనుకుంటున్నానే అంది కోటేశ్వరి. ఎక్కడో చుట్ట కాల్చుకుంటూ ఉంటాళ్ళే అని ఆ మనిషి వెళ్ళిపోయాడు.

అరుగు మీద మూటలు తరిగిపోయాయి. చివరికి ఆకుపచ్చ దారం మూట ఒక్కటే ఉంది. ఎండ తగులుతోందని నీడలోకి జరుపుదామని ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మూట తేలిగ్గా ఉంది.

ఏళ్ళ తరబడి మూటలు ఎత్తిన చెయ్యి అది. ఆవిడ పుట్టింటి ఊరి మగాళ్ళు వచ్చిన పంచెతోనే మునిగి, తడిబట్టతో దీపం వదిలి, ఆ తర్వాత పొడి పంచె కట్టుకుంటారు. ఆ పొడి పంచె బరువు ప్రతి మూటలోనూ ఉంటుంది. కోటేశ్వరి పైనుంచే తడిమింది. మళ్ళీ తడిమింది. తన నియమం తనే తప్పి, ముడి విప్పింది. లోపల విడిచిన చొక్కా ఉంది, ఫోను ఉంది, కళ్ళజోడు ఉంది. అంతే. పొడి పంచె లేదు.

ఒడ్డుకి తిరిగొద్దామనుకున్నవాడు పొడి పంచె తెచ్చుకుంటాడు. ఆవిడకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మోకాళ్ళ నొప్పుల గురించి అడగడం, చేలో మిగిలిన కాయలన్నీ తెచ్చి ఇవ్వడం, ఎటు పక్కో చూపించమనడం. చూపించింది తనే. ఈ వేలితో చూపించింది.

అనీసాని పిలిచింది. మాట సగమే వచ్చింది. అయినా అనీసా ఆవిడ మొహం చూసే స్టవ్వు ఆర్పేసి వచ్చింది. చెంచురామయ్య తన దగ్గర టీ తాగాడనీ, బజ్జీలు తీసుకుని కుక్కకి పెట్టాడనీ, చాలాసేపు కూలిన గోడ మీద కూచున్నాడనీ, ఇందాకే లేచాడనీ చెప్పింది. రసూల్ వాళ్ళని తాడు పట్టుకు రమ్మను అని అరుగు దిగి కోటేశ్వరి పరుగెత్తింది. రసూల్ పార్కు వెనక పడవలకి మరమ్మతులు చేసే మనిషి.

ఆ మోకాళ్ళతో ఇసకలో పరుగంటే ఏం చెప్పమంటారు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి యుగం పట్టినట్టుంది. దారిపొడుగునా ఆవిడ కళ్ళకి మూటే కనిపిస్తోంది. ఆ మూట తీసుకెళ్ళి వదిన ఒళ్ళో పెట్టడం, వదిన ఆ చొక్కా మడతలు సరిచేస్తూ కూచోవడం కనిపిస్తోంది.

గోడ దాటి చూసేసరికి ఆయన ఉన్నాడు. మొల లోతు నీళ్ళలో, నున్నటి నీటి అంచున నిలబడి ఉన్నాడు. వీపు ఇటు ఉంది. కదలడం లేదు. ముందుకు పోవడం లేదు, వెనక్కి రావడం లేదు.

పిలిస్తే గాలికి మాట కొట్టుకుపోయింది. కోటేశ్వరి నీళ్ళ అంచున ఆగింది. చీలమండల దాకా తడిసింది. ఇన్నేళ్ళూ ఆగిన చోటు అది. దేవుడా దేవుడా అనుకుంటూ అడుగు ముందుకేసింది. మోకాళ్ళు మునిగాయి. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. మాట వినపడే దూరం దాకా వెళ్ళింది.

"అన్నయ్యా. నీ మూటలో పొడి పంచె లేదు."

చెంచురామయ్య ఉలిక్కిపడి తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు మూటలు విప్పవుగా" అన్నాడు.

"విప్పాను."

ఆయన తల దించుకున్నాడు. "పో అమ్మాయ్. ఈ నీళ్ళు నీకు పడవు. మూట మీ వదినకి ఇవ్వు" అన్నాడు.

"నా చేత కాదు. ఒక ఆడమనిషి చేతిలో ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. ఎవరి మూట వాళ్ళే వచ్చి తీసుకోవాలి. అది ఇక్కడి పద్ధతి" అంది కోటేశ్వరి. అనలేదు, ఏడ్చింది.

ఇంతలో పక్క నుంచి అల వచ్చింది. కోటేశ్వరి పక్కకి పడిపోయింది. ఉప్పునీళ్ళు ముక్కులోకీ నోట్లోకీ పోయాయి. కింద నేల లేదు. ఏదో చల్లగా నడుం పట్టుకుని అవతలికి లాగుతోంది. ఆ పర్చూరు పిల్లాడికి ఇలాగే అనిపించి ఉంటుందని ఆ క్షణంలో ఆవిడకి తెలిసింది. అరవబోతే నోట్లోంచి నీళ్ళే వచ్చాయి.

జుట్టుముడి ఎవరో పట్టుకున్నారు. చేలో గొర్రు పట్టిన అన్న చేతులు అవి. రెండు అలలు మీద పడ్డా పట్టు వదల్లేదు. అప్పటికే తాడుతో దిగిన రసూల్ ఆయన భుజం అందుకున్నాడు. ముగ్గురూ నురగలోంచి దొర్లుకుంటూ ఇసక మీద పడ్డారు.

"సముద్రమంటే అంత భయమున్నదానివి, ఎందుకు దిగావే" అని చెంచురామయ్య అరిచాడు. పొద్దున్నుంచీ లేని గొంతు అప్పుడొచ్చింది. ఆమె వీపు మీద చరుస్తూ, తిడుతూ, ఏడుస్తూ ఉన్నాడు.

"భయమేసే దిగాను అన్నయ్యా" అంది కోటేశ్వరి, దగ్గు ఆగాక.

అన్నని నడిపించుకుని అరుగు దాకా తెచ్చింది. అనీసా ఇద్దరికీ వేడి టీ ఇచ్చి, వెనక్కి తిరిగి స్టవ్వు వెలిగించుకుంది. కోటేశ్వరి టికెట్ల గదిలోంచి భర్త పంచె ఒకటి తెచ్చి అన్నకి ఇచ్చింది. ట్రాక్టరు వాళ్ళకి, మా అన్న కొన్నాళ్ళు నా దగ్గరుంటాడని చెప్పి పంపేసింది. వదినకి ఫోన్ చేసి, దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పి, బయల్దేరి రమ్మంది. దాచి పెట్టే ధైర్యం ఆవిడకి లేదు.

పొడి పంచె కట్టుకుని వచ్చి, అందరిలాగే చెంచురామయ్య కూడా అరుగు ముందు నిలబడి చెయ్యి చాపాడు. తడిసిన ఆకుపచ్చ దారం మణికట్టుకి అంటుకుని ఉంది. కోటేశ్వరి దాన్ని తెంచలేదు. మూటలోంచి కళ్ళజోడూ ఫోనూ తీసి ఇచ్చింది. చొక్కాని మళ్ళీ తువ్వాల్లో కట్టి, ముడి బిగించి, తన పక్కనే పెట్టుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. వచ్చే కార్తీకానికి పొడి పంచె తెచ్చుకుని రా. అప్పుడు ఇస్తా, అప్పుడు తెంచుతా" అంది.

ఆయన కాదనలేదు. వదిన వచ్చింది, కొన్నాళ్ళుండి ఇద్దరూ వెళ్ళారు. గుంటూరులో డాక్టరుకి చూపిస్తున్నారు. ఈసారి మిరప వేయలేదు, శనగ చల్లారు. అది ఎలా పండుతుందో ఎవరికి తెలుసు.

అరుగు మీద మూట మిగలకూడదని ఇన్నేళ్ళు వణికిన మనిషి, ఇప్పుడు కావాలని ఒక మూట మిగుల్చుకుంది. భయం పోయిందనుకోకండి. ఇదివరకు ఏడాదికోసారి వచ్చేది, ఇప్పుడు రోజూ వస్తోంది. పొద్దున్నే పార్కు గేటు తీసి, అరుగు ఊడ్చి, గదిలోంచి ఆ మూట తెచ్చి ఒళ్ళో పెట్టుకుని అన్నకి ఫోన్ చేస్తుంది. అటు రింగు మోగుతున్నంతసేపూ మూట ముడిని వేళ్ళతో గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి సముద్రం వైపు చూడకుండా కూచుంటుంది. ఒక్కోరోజు చాలాసేపు మోగుతుంది.

"దారం ఉందిలే అమ్మాయ్" అంటాడు చెంచురామయ్య, హలో కూడా అనకుండా.

అప్పుడు లేచి, ఆ రోజు మూటల కోసం నూలు ముక్కలు విడదీసుకుంటుంది.